సహాయకుల జీతం ఎవరివ్వాలి? అమెరికాలో వికలాంగ విద్యార్థులు, మెడికెయిడ్ నిధులు

వికలాంగుల ఉన్నత విద్య గురించి ఎక్కడ చర్చ జరిగినా ర్యాంపులు, లిఫ్టులు, పరీక్షలో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే లేఖకులు ముందుగా ప్రస్తావనకు వస్తారు గాని, కండరాల క్షీణత వల్లనో వెన్నుపూస దెబ్బతినడం వల్లనో కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేని విద్యార్థిని తెల్లవారి మంచం మీదనుంచి లేపి, స్నానం చేయించి, బట్టలు తొడిగి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టే మనిషికి జీతం ఎవరివ్వాలన్న ప్రశ్న ఆ చర్చలో చాలా ఆలస్యంగా వస్తుంది, చాలాసార్లు అసలు రాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఆ జీతం కళాశాల ఖజానా నుంచి రాదు, విద్యాశాఖ పద్దు నుంచీ రాదు. అది ప్రధానంగా మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా నుంచి వస్తుంది. వైద్యం కోసం ఏర్పడిన ఒక నిధి చదువుకు ఆధారమైన తీరునూ, ఆ ఆధారం ఎక్కడెక్కడ తెగిపోతున్నదో దానినీ వివరించడం ఈ ప్రసంగ విషయం.

మెడికెయిడ్ చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 జులై 30న సంతకం చేశాడు. అదే రోజున పుట్టిన మెడికేర్ ముఖ్యంగా అరవై అయిదేళ్లు దాటినవారి కోసం ఉద్దేశించిన బీమా కాగా, మెడికెయిడ్ తక్కువ ఆదాయం గలవారికీ వికలాంగులకూ ఉద్దేశించినది. దీని ఖర్చును కేంద్ర ప్రభుత్వమూ రాష్ట్రాలూ కలిసి భరిస్తాయి. సాధారణంగా కేంద్రం సగానికి తగ్గకుండా ఇస్తుంది, పేద రాష్ట్రాలకు మరింత ఎక్కువ ఇస్తుంది. అయితే నిర్వహణ రాష్ట్రాలది కాబట్టి పేరు ఒకటే అయినా నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. కేంద్ర చట్టం కొన్ని సేవలను తప్పనిసరి అంటుంది, కొన్నింటిని ఐచ్ఛికం అంటుంది. నర్సింగ్ హోమ్‌లో, అంటే దీర్ఘకాల సంరక్షణ సంస్థలో, ఉంచి పోషించే ఖర్చు తప్పనిసరి జాబితాలో ఉంది. ఇంట్లోనో హాస్టల్ గదిలోనో ఉండి సహాయకుల చేత సేవ పొందే ఖర్చు ఐచ్ఛిక జాబితాలో ఉంది. ఇరవై ఏళ్ల యువకుడిని నాలుగు గోడల మధ్య ఉంచడానికి ప్రభుత్వం బాధ్యత పడి, అతడిని తరగతి గదికి పంపడానికి మాత్రం వీలు చూసుకుని ఇవ్వడమన్న ఈ తలకిందుల ఏర్పాటే తరువాతి చిక్కులన్నింటికీ మూలం.

కళాశాలలకు ఈ బాధ్యత లేదా అన్న సందేహం సహజంగానే వస్తుంది. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ చట్టం కలిసి, వైకల్యం కారణంగా ఏ విద్యార్థినీ కాదనరాదని, పాఠాన్ని అతడికి అందేలా మార్చి ఇవ్వాలని కళాశాలలను ఆదేశించాయి. సంజ్ఞాభాషా అనువాదకుడిని పెట్టడం, పుస్తకాన్ని బ్రెయిల్‌లోకి మార్పించడం కళాశాల పని. కాని ఆ చట్టాల కింద వెలువడిన నిబంధనలే, తినిపించడం, బట్టలు తొడగడం, మరుగుదొడ్డికి తీసుకుపోవడం వంటి వ్యక్తిగత సేవలను కళాశాల సమకూర్చనక్కరలేదని స్పష్టంగా మినహాయించాయి. పాఠశాల దశలో ఇలా ఉండదు. 1975లో వచ్చిన విద్యాచట్టం ప్రకారం బడిలో ఉన్నంతసేపూ పిల్లలకు అవసరమైన సహాయకులను బడే ఏర్పాటు చేయాలి, ఆ ఖర్చులో కొంత భాగాన్ని మెడికెయిడ్ నుంచి రాబట్టుకునే వీలు కూడా 1988 నుంచి బడులకు ఉంది. హైస్కూలు పట్టా చేతికి వచ్చిన రోజున ఆ ఏర్పాటు మొత్తం ఆగిపోతుంది. అంతవరకు బడి యాజమాన్యం చూసుకున్న పనిని, అప్పుడే మేజరైన విద్యార్థి తనంత తానుగా, వేరొక శాఖ తలుపు తట్టి సాధించుకోవలసి వస్తుంది. ప్రైవేటు బీమా ఉంటే చాలునా అంటే చాలదు. తల్లిదండ్రుల ఉద్యోగ బీమాలో పిల్లలు ఇరవై ఆరేళ్లు నిండేవరకు కొనసాగవచ్చునని 2010 నాటి ఆరోగ్య చట్టం అనుమతించినా, ఆ బీమాలు డాక్టరు ఫీజుకూ ఆసుపత్రి ఖర్చుకూ పనికివస్తాయి గాని రోజువారీ సహాయకుడి జీతం ఇవ్వవు.

ఆ సహాయం ఎలాంటిదో కాస్త దగ్గరగా చూడాలి. మెడ కింది భాగం కదలని విద్యార్థికి ఉదయం తొమ్మిది గంటలకు తరగతి ఉంటే సహాయకుడు ఏడింటికల్లా గదిలో ఉండాలి: మూత్రపు సంచి మార్చాలి, ఒంటి మీద ఒత్తిడి పుండ్లు ఏమైనా మొదలయ్యాయేమో చూడాలి, పట్టీలతో ఎత్తే యంత్రం సాయంతో మంచం మీదనుంచి కుర్చీలోకి దింపాలి, తల, నడుము సరిగా ఆనేలా దిండ్లు సర్దాలి, ఫలహారం తినిపించాలి, ల్యాప్‌టాప్‌ను నోటితోనో గడ్డంతోనో నడిపే పరికరానికి తగిలించాలి. మధ్యాహ్నం మరొకరు, రాత్రి పడుకోబెట్టడానికి ఇంకొకరు, ఊపిరి యంత్రం మీద ఉన్నవారికి రాత్రంతా మెలకువగా ఉండే మనిషి కావాలి. ఏడింటికి రావలసిన సహాయకుడు రాకపోతే ఆ రోజు తరగతి లేదు, ప్రయోగశాల లేదు, పరీక్ష ఉంటే పరీక్ష కూడా లేదు. ఈ పని జీతాలు మెడికెయిడ్ ఇచ్చే రేటుకు కట్టుబడి ఉంటాయి కాబట్టి తక్కువ. అందువల్ల పనిలో నిలిచేవాళ్లు తక్కువ. చాలామంది తోటి విద్యార్థులనే సహాయకులుగా పెట్టుకుంటారు. ఆ ఏర్పాటులో స్నేహం ఉంది, సౌలభ్యం ఉంది, కాని సెలవులు ప్రకటించగానే సహాయకులందరూ ఒకేసారి ఊళ్లకు వెళ్లిపోతారు, పరీక్షలు దగ్గరపడగానే అందరికీ ఒకేసారి తీరిక లేకుండా పోతుంది.

సహాయకుల నియామకం ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా ముఖ్యమైన విషయం. స్వీయ నిర్దేశం అని పిలిచే పద్ధతిలో, ఎవరిని పెట్టుకోవాలో, ఏ వేళకు రమ్మనాలో, పని ఎలా నేర్పాలో, ఎవరిని మానిపించాలో విద్యార్థే నిర్ణయిస్తాడు. జీతం లెక్కలూ పన్నులూ మాత్రం ఒక మధ్యవర్తి సంస్థ చూసుకుంటుంది. ఈ పద్ధతి వెనుక వికలాంగ విద్యార్థుల పోరాట చరిత్ర ఉంది. పద్నాలుగో ఏట పోలియో సోకి మెడ కింద చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అతడి వైకల్యం మరీ తీవ్రమైనదని, ఉద్యోగం చేయగలిగే అవకాశం లేదని చెప్పి, చదువుకు డబ్బివ్వడానికి రాష్ట్ర పునరావాస శాఖ మొదట నిరాకరించింది. అతడు వాడే ఇనుప ఊపిరితిత్తి, అంటే ఒంటిని లోపల పెట్టి గాలి ఒత్తిడితో ఊపిరాడించే పెద్ద గొట్టం లాంటి యంత్రం, ఏ హాస్టల్ గదిలోనూ పట్టకపోవడంతో విశ్వవిద్యాలయపు కవెల్ ఆసుపత్రిలోనే బస ఏర్పడింది. తరువాత అక్కడికే వచ్చి చేరిన తీవ్ర వికలాంగ విద్యార్థులు రోలింగ్ క్వాడ్స్ అని పేరు పెట్టుకుని, సహాయకులను ఎంచుకునే అధికారం తమదేనని వాదించారు; 1970లో విశ్వవిద్యాలయంలో వికలాంగ విద్యార్థుల కార్యక్రమం, 1972లో బర్క్‌లీ పట్టణంలో స్వతంత్ర జీవన కేంద్రం ఆ వాదన నుంచే పుట్టాయి. తనను కాదన్న ఆ పునరావాస శాఖకే రాబర్ట్స్ 1975లో సంచాలకుడయ్యాడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో యుద్ధం నుంచి తిరిగివచ్చిన వికలాంగ సైనికుల కోసం టిమోతీ న్యూజెంట్ 1948లో మొదలుపెట్టిన కార్యక్రమం కూడా ఈ చరిత్రలో భాగమే. తీవ్ర వైకల్యం గల విద్యార్థులు సహాయకులతో కలిసి ఉండేందుకు వీలుగా కట్టిన విద్యార్థి వసతి గృహం ఒకటి ఆ విశ్వవిద్యాలయంలో నేడు న్యూజెంట్ పేరుతో నడుస్తున్నది.

నిధుల వైపు మార్పు తెచ్చింది మరొక కథ. అయోవా రాష్ట్రంలోని సీడర్ రాపిడ్స్‌లో 1978లో పుట్టిన కేటీ బెకెట్ పసితనంలోనే మెదడువాపు వచ్చి ఊపిరి యంత్రం మీద ఆధారపడింది. ఆసుపత్రిలో ఉన్నంతకాలం మెడికెయిడ్ ఖర్చు భరించింది. ఇంటికి పోతే ఖర్చు బాగా తగ్గుతుందని తెలిసినా, ఇంటికి పోయిన మరుక్షణం తల్లిదండ్రుల ఆదాయం లెక్కకు వచ్చి అర్హత పోతుందన్న నియమం ఆమెను ఆసుపత్రిలోనే నిలిపింది. 1981లో అధ్యక్షుడు రీగన్ ఈ ఉదంతాన్ని పత్రికల వారి ముందు ప్రస్తావించాక ఆమెకు మినహాయింపు దొరికింది. ఆ సంవత్సరమే కాంగ్రెసు వెయివర్ అనే మినహాయింపు విధానాన్ని చట్టంలో చేర్చింది: సంస్థలో పెట్టవలసిన ఖర్చును, రాష్ట్రం కోరితే, ఇంటి దగ్గరి సేవలకు మళ్లించవచ్చు. బెకెట్ పెద్దదై తన ఊళ్లోని మౌంట్ మెర్సీలో పట్టభద్రురాలైంది, వికలాంగుల హక్కుల కోసం పనిచేసింది, 2012లో మరణించింది. 1999లో ఓమ్‌స్టెడ్ తీర్పులో సుప్రీంకోర్టు, సమాజంలో ఉండి సేవ పొందగలిగిన వికలాంగులను నిష్కారణంగా సంస్థలలో బంధించి ఉంచడం వివక్ష అని చెప్పింది. ఈ తీర్పు గొప్పది. అయినా ఇంటి సేవలకు ప్రతి రాష్ట్రమూ తనకు తోచినంత డబ్బు, తనకు తోచినన్ని స్థానాలు మాత్రమే కేటాయించే అధికారం అలాగే ఉండిపోయింది.

ఆ అధికారం విద్యార్థి మీద ఎలా పనిచేస్తుందో చూడాలంటే ముందు వయసు లెక్క చూడాలి. మెడికెయిడ్‌లో ఇరవై ఒకటో ఏడు నిండేవరకు, పిల్లల ఆరోగ్యానికి అవసరమని తేలిన సేవ ఏదైనా, రాష్ట్రం ఐచ్ఛికంగా వదిలేసినది సహితం, ఇచ్చి తీరాలి. ఊపిరి యంత్రం మీద ఉన్న విద్యార్థికి రాత్రిపూట నర్సు ఈ నియమం వల్లే దొరుకుతుంది. ఇరవై ఒకటో పుట్టినరోజున ఆ హక్కు ముగిసి, వయోజనుల నియమాలు మొదలవుతాయి. చాలా రాష్ట్రాలలో నర్సు గంటలకు పరిమితులు వచ్చి పడతాయి. పద్దెనిమిదో ఏట కళాశాలలో చేరిన విద్యార్థికి ఆ పుట్టినరోజు వచ్చేది మూడో సంవత్సరం చదువుతున్నప్పుడు, అంటే పాఠాలు కఠినమై, చదువు మధ్యలో ఆపడానికి వీలులేని చోట. విద్యార్థి శరీరంలో ఆ రాత్రి ఏ మార్పూ రాదు. నియమానికి ఇరవై ఒకటికి బదులు డిగ్రీ పూర్తయ్యేనాటిని గడువుగా పెట్టడంలో అడ్డేమిటో ఎంత ఆలోచించినా తోచదు.

రెండో చిక్కు రాష్ట్ర సరిహద్దు. మెడికెయిడ్ అర్హత నివాస రాష్ట్రానికి ముడిపడి ఉంటుంది. ఒహాయోలో ఉండే విద్యార్థికి మసాచుసెట్స్‌లోని విశ్వవిద్యాలయంలో సీటు వస్తే రెండే దారులు. ఒహాయో నివాసిగానే ఉండి, చదువు కోసం తాత్కాలికంగా బయట ఉన్నానని చెప్పుకోవచ్చు. అప్పుడు మసాచుసెట్స్‌లో పనిచేసే సహాయకులకు ఒహాయో తన నియమాల ప్రకారం చెల్లించడానికి ఒప్పుకోవాలి, అది ఒప్పుకుంటుందన్న హామీ లేదు. లేదా కొత్త రాష్ట్రంలో నివాసం నమోదు చేసుకోవచ్చు. అప్పుడు పాత వెయివర్ పోతుంది, కొత్తది కావాలంటే అక్కడి వరుసలో చివర నిలబడాలి. దేశం మొత్తం మీద ఈ వెయివర్ల కోసం పేరు నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నవారు 2024లో సుమారు 7 లక్షల మంది. టెక్సస్‌లో కొన్ని పథకాలకు నిరీక్షణ పదేళ్లు దాటుతుంది. నాలుగేళ్ల డిగ్రీకి పదేళ్ల వరుస దేనికీ పనికిరాదు. విద్యార్థి తన తెలివికి తగిన విశ్వవిద్యాలయాన్ని గాక, తన సహాయకుడి జీతం ఆగిపోని రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవలసి రావడం ఈ విధానంలోని అతిపెద్ద అన్యాయం, ఎందుకంటే కాదన్నవారు ఎవరూ కనిపించరు, కాదన్న ఉత్తరం కూడా రాదు. నిధి రాష్ట్రానికి గాక మనిషికి ముడిపడి, అతడు చదివే చోటికి వెంట రావాలన్న వికలాంగుల సంఘాల కోరిక ఇక్కడినుంచి పుట్టింది.

ఆస్తి పరిమితి కూడా ఉంది. వికలాంగులకు కేంద్రం ఇచ్చే నెలవారీ భృతిని ఎస్.ఎస్.ఐ. అంటారు, చాలా రాష్ట్రాలలో ఆ భృతి వస్తే మెడికెయిడ్ దానంతట అదే వస్తుంది. ఆ భృతి పొందే ఒంటరి వ్యక్తి పేరున 2,000 డాలర్లకు మించి నగదు, డిపాజిట్లు ఉండకూడదన్న నియమం 1989 నుంచి ఒక్క డాలరు కూడా పెరగలేదు. వేసవిలో ఉద్యోగం చేసి నాలుగు డబ్బులు దాచుకున్న విద్యార్థి సహాయకుడిని పోగొట్టుకునే ప్రమాదం ఇలా వచ్చింది. 2014లో ఏబుల్ ఖాతా అనే ప్రత్యేక పొదుపు ఖాతా చట్టం వచ్చాక ఈ బాధ కొంత తీరింది. వైకల్యం ఇరవై ఆరేళ్లలోపు మొదలైనవారికే ఉన్న ఆ అవకాశం 2026 జనవరి నుంచి నలభై ఆరేళ్లలోపు మొదలైనవారికి కూడా విస్తరించింది.

మోసాలను అరికట్టే ఉద్దేశంతో 2016 నాటి చట్టం ఒకటి సహాయకుల రాకపోకలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదు చేయాలని నిర్బంధించింది. సేవ ఎవరికి, ఎవరు, ఎక్కడ, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు చేశారో ఫోను ద్వారా నమోదు కావాలి. మంచం పట్టిన వృద్ధురాలి ఇంట్లో ఇది ఇబ్బంది కాకపోవచ్చు. కాని విద్యార్థి ఉదయం హాస్టల్లో, మధ్యాహ్నం గ్రంథాలయంలో, సాయంత్రం ప్రయోగశాలలో ఉంటాడు. ఇంటి చిరునామా దగ్గర లేని సేవకు వివరణ అడిగే చోట సహాయకుడి జీతం ఆలస్యమవుతుంది, ఆలస్యమైన జీతం సహాయకుడిని దూరం చేస్తుంది.

ఈ స్థితిలో 2025 జులై 4న సంతకమైన కొత్త చట్టం ఆందోళన కలిగించేది. పదేళ్లలో మెడికెయిడ్ మీద కేంద్ర వ్యయాన్ని ఇది 900 బిలియన్ డాలర్లకు పైగా తగ్గిస్తుందని కాంగ్రెసు బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. కొందరు వయోజనులు నెలకు 80 గంటలు పని చేసినట్టో చదివినట్టో చూపాలన్న షరతు నుంచి వికలాంగులకు మినహాయింపు ఉన్నమాట నిజమే, కనీసం సగం కాలం చదివే విద్యార్థులు షరతు తీర్చినట్టేనన్నదీ నిజమే. అయితే మినహాయింపుకు రుజువులు చూపవలసింది విద్యార్థే. అంతకంటె పెద్ద భయం వేరొకటి ఉంది: కేంద్రం వాటా తగ్గి రాష్ట్రాలు ఖర్చు కుదించుకోవలసి వచ్చినప్పుడు, చట్టం తప్పనిసరి అన్న నర్సింగ్ హోమ్‌ను ముట్టుకోలేవు, ఐచ్ఛికమైన ఇంటి సేవల మీదనే కత్తెర పడుతుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ విషయం దూరమైనది కాదు. మంచి జీతాలు వచ్చే తల్లిదండ్రులు, మెడికెయిడ్ బీదవాళ్ల పథకం కదా, మనకెందుకు అని వదిలేయడానికి అవకాశం ఎక్కువ. కాని పద్దెనిమిదేళ్లు నిండిన వికలాంగ సంతానానికి ఎస్.ఎస్.ఐ. అర్హత చూసేటప్పుడు తల్లిదండ్రుల ఆదాయాన్ని లెక్కించరు. వెయివర్లలో చాలావాటిలో మైనర్లకు కూడా లెక్కించరు. కాబట్టి డాలస్ పరిసరాల్లో ఉండే కుటుంబం, బిడ్డ బడిలో చేరే వయసులోనే టెక్సస్ నిరీక్షణ జాబితాలో పేరు రాయించడం మేలు. తాతయ్యో అమ్మమ్మో ప్రేమతో పిల్లవాడి పేరున వేసిన డబ్బు అతడు మేజరైన నాటి నుంచి ఆ 2,000 డాలర్ల లెక్కలోకి రావచ్చు. దానికి బదులు వికలాంగుల కోసం చట్టం అనుమతించిన ట్రస్టు ఏర్పాటు చేయడం మంచిది. వలస స్థితి కూడా చూడాలి: అక్కడ పుట్టిన బిడ్డ పౌరుడు కాబట్టి తల్లిదండ్రుల వీసాతో పని లేకుండా అర్హుడు, గ్రీన్ కార్డు పొందిన వయోజనులకు 1996 చట్టం ప్రకారం సాధారణంగా అయిదేళ్ల గడువు ఉంది.

తెలుగు రాష్ట్రాలకు వస్తే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించింది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసుపత్రి చికిత్సకు ఉద్దేశించినది. నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ బీమా ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ వంటి నాలుగు రకాల వైకల్యాలకు ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య, థెరపీ ఖర్చులు ఇస్తుంది. సహాయకుడి జీతం ఈ రెండింటి పని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 నుంచి ఇస్తున్న 15,000 రూపాయల పింఛనే ఆ జీతానికి కాస్త దగ్గరగా వచ్చే మొత్తం. తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016 రూపాయలు. మిగిలిన పనంతా తల్లి చేస్తున్నది: కళాశాల ఉన్న ఊరికి కాపురం మార్చి, అద్దె గది తీసుకుని, తరగతి అయ్యేవరకు వరండాలో కూర్చుని.

2016 చట్టంలోనే దీనికి ఒక ఆధారం ఉంది. రోజువారీ పనులకు ఇతరుల మీద ఎక్కువగా ఆధారపడేవారు అధిక సహాయం కోరుతూ దరఖాస్తు పెట్టుకోవచ్చునని, ఒక మండలి అవసరాన్ని అంచనా వేసి ఎలాంటి సహాయం కావాలో తేల్చాలని 38వ సెక్షన్ చెబుతున్నది. రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఈ సెక్షన్‌ను ప్రవేశాల ప్రక్రియతో ముడిపెట్టి, వికలాంగుల కోటాలో సీటు వచ్చిన విద్యార్థికి ప్రవేశ సమయంలోనే ఆ అంచనా పూర్తిచేయించి, తేలిన గంటలకు సహాయకుడి జీతాన్ని విద్యార్థి ఖాతాలో వేయాలి. అది ఏ జిల్లాలో చదివినా వెంట రావాలి, డిగ్రీ పూర్తయ్యేవరకు ఏ పుట్టినరోజునా ఆగకూడదు.